ఇంటికో మనిషి

ఫిబ్రవరి 12, 2025

దిబ్బవలసలో మొదటి మీటింగు అయింది. బాగానే అయింది. బాగానే అయిందని నా డైరీలో నేను రాసుకుంటే తప్పేమీ లేదు.

ఇరవై ఏళ్ళుగా ఈ సంస్థల ఉద్యోగాల్లో ఊళ్ళు తిరుగుతున్నాను. కరెంటు సరిగా లేని ఊరికి కంప్యూటర్లు మోశాం. కుట్టుపని రానివాళ్ళకి మిషన్లు పంచి ఫోటోలు తీశాం. మీకు ఏం కావాలని అడిగినవాడు ఒక్కడు లేడు. ఇన్నాళ్ళకి ఈ "ఊరే దారి" కార్యక్రమం వచ్చింది. ఏం కావాలో ఊరే చెబుతుంది, కంపెనీ డబ్బిస్తుంది, మా సంస్థ దగ్గరుండి చేయిస్తుంది. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు. మా ప్రాజెక్టు మేనేజర్ సాయిశంకర్ ఈ మాట చెప్పిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. కుర్రవాడే కానీ మంచివాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పై అధికారి అయినా "ప్రసన్న గారూ" అనే పిలుస్తాడు.

బడి ఆవరణలో ఊరంతా కూర్చుంది. మీకు ఏం కావాలని అడిగితే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాసేపటికి వెనక నుంచి ఎవరో "కమ్యూనిటీ హాలు" అన్నారు. అంతే, ఇక అందరిదీ అదే మాట. గొణుగుతున్నట్టు చెబుతుంటే వీడియోలో ఏం వినబడుతుంది? నేనే లేచి "గట్టిగా! ఇంకోసారి, అందరూ!" అన్నాను. అప్పుడు వచ్చింది గొంతు. వీడియో బ్రహ్మాండంగా వచ్చిందని సాయిశంకర్ మెచ్చుకున్నాడు.

ఊరి నుంచి ఆనందపురం దాకా ఆటో, అక్కడి నుంచి మల్కాపురంలో మా ఇంటికి రెండు బస్సులు. నడుం విరిగింది.

ఫిబ్రవరి 13

నిన్న ఆటో ఎక్కుతూ చూశాను. ఆ ఊళ్ళో ఇప్పటికే రెండు కమ్యూనిటీ హాళ్ళు ఉన్నాయి.

మార్చి 4

ఆ రెండు హాళ్ళ తాళాలూ తీయించాను. ఒకదానిలో ఎరువుల బస్తాలు. రెండోదానిలో గబ్బిలాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు. తలుపు పక్కన మాత్రం చలువరాయి మీద ఎవరివో పేర్లు బంగారు రంగులో తళతళలాడుతున్నాయి. ఒళ్ళు మండింది. మూడోది కట్టించుకుని ఏం చేస్తారు? మళ్ళీ గబ్బిలాలనే పెంచుతారా?

నేరుగా పోతమ్మ ఇంటికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. భర్త లేడు. కొడుకు గాజువాకలో కాంట్రాక్టు పనిచేస్తూ నెలకోసారి వస్తాడు. మొదటి రోజు ముందు వరసలో కూర్చుని హాలు, హాలు అని అరిచింది ఈవిడే. అరుగు మీద చింతపండు కొడుతూ కూర్చుంది.

"రెండుండగా మూడో హాలు ఎందుకు పెద్దమ్మా?" అన్నాను.

"నాకేల తల్లీ హాలు? నాను ఏటి సేసుకుంటాను?"

"మరి అంత గట్టిగా అడిగావు కదా!"

"మీరు ఇచ్చేదే అడగాల గదా. సేపల కొట్టుకాడికెల్లి బెల్లం అడుగుతామేటి? పట్నం నుంచి కారేసుకొచ్చినోల్లు హాలిత్తారు, లేపోతే లైట్లిత్తారు. ఏదో ఓటి అడిగీసినామంటే మీ పనీ అయిపోతాది, మా పనీ అయిపోతాది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సరే, కారులో ఎవరూ రాలేదనుకో. నీకు ఏం కావాలి?" అన్నాను. ఆవిడ గింజలు ఒక పక్కకి, పండు ఒక పక్కకి నెట్టి, చివరికి "గెడ్డ" అంది.

కొండ మీంచి దిగే ఆ వాగు నీళ్ళే దిబ్బవలస మళ్ళకి ఆధారం. పులిబండ అనే చోట ఏటా తొలకరి పడగానే తాటిదుంగలు పాతి, కంప, రాళ్ళు, బంకమట్టి వేసి అడ్డంగా కట్టు కడతారు. నీరు కాలవలోకి తిరుగుతుంది. వరద గట్టిగా వస్తే కొట్టుకుపోతుంది, మళ్ళీ కట్టాలి. దానికి ఇంటికో మనిషి రావాలి. సర్పంచి ఇల్లయినా సరే, తప్పించుకోవడానికి లేదు. మనిషి రాని ఇంటికి ఆ ఏడు నీరు ఆఖరి వంతు. తాతల నాటి కట్టుబాటు అది. ఇప్పుడు మగవాళ్ళలో సగంమంది పట్నంలోనే ఉంటున్నారు. పోయినేడు పోతమ్మ కొడుక్కి సెలవు దొరకలేదు. ఆవిడ మోకాలు బూరెలా వాచి ఉంది, తను వెళ్ళలేకపోయింది. ఆఖరి వంతు నీరు వచ్చేసరికి ఊడ్చిన వరిమడి నెర్రెలు విచ్చింది, బంతితోట మొక్క మీదే మాడిపోయింది.

"ఈ ఏడూ ఆకరి వంతే అయితే మరి ఆ మడి అమ్మీసి, మావోడి కాడికెల్లి గాజువాకలో ఒక గదిలో కూకోడమే" అంది.

"ఇంత ఉండి మీటింగులో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"గెడ్డ మా పనమ్మా. మా ఇంట్ల గిన్నెలు తోమమని సుట్టాలకి సెప్తామేటి?"

లేవబోతుంటే కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చింతపండు పులుసూ, వేయించిన వంకాయా. తిన్నాను.

తర్వాత శ్రీరామ్మూర్తి తాత నన్ను పులిబండ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. గెడ్డ పనికి రోజు పెట్టేదీ, ఇల్లిల్లూ పిలిచేదీ ఆయనే. ఎండిన గెడ్డలో నిలబడి, "ఇక్కడ రాతిగోడ కట్టించి ఓ తలుపు ఎట్టీస్తే సాలు తల్లీ. మనుసుల్లేని ఇల్లు కూడా బతుకుతాది" అన్నాడు. ఆయన చూపించిన చోటు ఎడం పక్క కొండబండ, కుడి పక్క కొండబండ. గోడ కట్టడానికి దేవుడు చేసిపెట్టినట్టే ఉంది.

ఇదీ ఊరి మాట. సాయిశంకర్‌కి చెబితే ఎగిరి గంతేస్తాడు.

మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చి భోజనాల దగ్గర దయానందానికి గెడ్డ సంగతంతా చెప్పాను. పోర్టులో క్రేన్ మీద కూర్చుని పైనుంచి లోకాన్ని చూసే మనిషి కదా, మా ఆయనకి అన్నీ చిన్నగానే కనిపిస్తాయి.

"మీ సాయిశంకర్ గెడ్డలో గోడ కడతాడేటి? ఓపెనింగుకొచ్చిన పెద్దాయన రిబ్బను కత్తిరించాలంటే నీల్లలోకి దిగాల గదే!"

"మీకు అన్నిటికీ వెటకారమే" అన్నాను.

"సరే, నాను సెప్పినట్టు కాపోతే నీకు సీర కొంటాను."

నాకు చీర రావడం ఖాయం.

మార్చి 20

మళ్ళీ మీటింగు పెట్టించాను. ఈసారి ఎవరి గొంతూ అక్కర్లేదన్నాను. ఆడవాళ్ళు బడి ఆవరణలో ముగ్గుతో ఊరు మొత్తం వేశారు. ఇళ్ళు, మళ్ళు, కొండ, గెడ్డ, పాత హాళ్ళు రెండు, కొత్త హాలుకి ఒక చోటు. మనిషికో బంతిపువ్వు ఇచ్చి, ఏది ముందు కావాలో అక్కడ పెట్టమన్నాం.

పులిబండ మీద పువ్వుల కుప్ప పడింది. హాలు దగ్గర మూడే పువ్వులు. ఆ మూడూ పెట్టింది ఎరువుల బస్తాల ఆసామీ, వాళ్ళ తమ్ముళ్ళు.

ఎవరూ అరవలేదు, నేనూ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన పని చేయలేదు నేను.

మార్చి 28

ఆఫీసులో సాయిశంకర్ నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"మన ప్రోగ్రాం ప్రిన్సిపుల్ ఏంటి ప్రసన్న గారూ? ఊరు చెప్పిందే చేయాలి. ఊరు ఏం చెప్పిందో మీరే చూడండి."

ఫిబ్రవరి వీడియో. ఊరంతా హాలు కావాలి, హాలు కావాలి అని అరుస్తోంది. ఆ అరుపుకి ముందు ఒక ఆడగొంతు "గట్టిగా! ఇంకోసారి, అందరూ!" అంటోంది. ఆ గొంతు అంత కీచుగా ఉంటుందని నాకు తెలియదు.

"అది మర్యాదకి అడిగారు సర్. తర్వాత వాళ్ళే మార్చుకున్నారు. పువ్వులు పెట్టారు కదా."

"తర్వాత మారిందంటే మధ్యలో ఎవరో మార్పించారనే కదా అనుకుంటారు? మొదటి మాటలో ఎవరి ఇన్‌ఫ్లుయెన్సూ లేదు. ప్యూర్."

ప్యూర్ అట! నా గొంతు వింటూనే ఆ మాట అన్నాడు.

"ఆ ఊరికి రెండు హాళ్ళున్నాయి సర్."

"అవి మనవి కావు కదా" అన్నాడు. నన్ను సొంత మనిషిలా చూస్తూ గొంతు తగ్గించాడు. "ప్రాక్టికల్‌గా ఆలోచించండి మేడమ్. గెడ్డలో గోడ కడితే బోర్డు ఎక్కడ పెడతాం?"

కాఫీ తాగకుండా వచ్చేశాను. నేను చేయగలిగింది అదే.

మార్చి 29

నాకు కోపం రాలేదు. తలనొప్పి, అంతే.

ఏప్రిల్ 2

సాయిశంకర్ మంచివాడే. పైనుంచి ఒత్తిడి ఉండి ఉంటుంది. కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చి ఒక్కసారి పులిబండ చూస్తే వ్యవహారం మారిపోతుంది. చూపించే బాధ్యత నాది.

దయానందం చీర సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, నాలుగు తిట్టేదాన్ని.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధనలో, ప్రభువుని సిలువకి అప్పగించిన రోమా అధికారి పిలాతు భాగం చదివారు. ఎన్నేళ్ళుగానో వింటున్నాను, ఇవాళే చెవిన పడింది. పిలాతు కూడా ప్రజాభిప్రాయ సేకరణే చేశాడు! మీకు ఎవరు కావాలి, ప్రభువా, దొంగా అని జనాన్ని అడిగాడు. వాళ్ళ చేత గట్టిగా అరిపించిన వాళ్ళు వేరే ఉన్నారు. జనం అడిగిందే చేశానన్నాడు, చేతులు కడుక్కున్నాడు. మా ఆఫీసులో అయితే గుమ్మం దగ్గర శానిటైజర్ ఉంది.

పక్కన కూర్చున్నావిడ నా మొహం చూసి దుఃఖపడుతున్నాననుకుంది. చేయి పట్టుకుంది. దేవుడు నన్ను క్షమించాలి, నేను దుఃఖపడలేదు.

మే 26

శంకుస్థాపన ఆహ్వాన పత్రిక అచ్చయి వచ్చింది. జూన్ 11. "ప్రజలే ఎంచుకున్న కమ్యూనిటీ హాలు" అని పెద్ద అక్షరాలు. అట్ట మీద ఫోటో ఏది వేశారనుకున్నాను? బంతిపువ్వుల కుప్ప! పులిబండ మీద పెట్టిన పువ్వులు! చుట్టూ ఉన్న ముగ్గు కత్తిరించేస్తే ఆ కుప్ప ఎక్కడ ఉందో ఎవడికి తెలుస్తుంది?

నా చేత్తో ఊరంతా పంచాలట ఆ పత్రికలు. పంచాను.

శ్రీరామ్మూర్తి తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పువ్వులు మనవే గదా" అన్నాడు. ఔనన్నాను.

జూన్ 11

టెంటు, ఎర్ర తివాచీ, మైకులు. లారీల కొద్దీ బండరాళ్ళు, ఇసుక బడి ఆవరణలో హాలు కట్టే చోట దింపారు. పునాది అలా దిట్టంగా కనబడాలట, వీడియోలో.

కంపెనీ పెద్దాయన మెడలో వేయడానికి దండ కావాలంటే ఆనందపురం పూల మార్కెట్లో కొని తీసుకెళ్ళాను. బంతి దండ. బంతిపూలు పండించే ఊరికి బంతిపూలు కొనుక్కుని వెళ్ళాను! ఆ దండ ఆయన మెడలో పోతమ్మ చేత వేయించారు. కుంటుకుంటూ మెట్టెక్కి, నవ్వుతూ వేసింది.

పులిబండ చూపిస్తానని పెద్దాయన కారు దాకా వెంటపడ్డాను. "నెక్స్ట్ టైమ్" అన్నాడు. చక్కగా, మర్యాదగా అన్నాడు. నన్ను ఎవరనుకున్నాడో తెలియదు.

అంతకు ముందు సాయిశంకర్ ఉపన్యాసం దంచాడు. "ఈ రాయి, ఈ ఇసుక ఈ క్షణం నుంచి కంపెనీది కాదు, మా సంస్థదీ కాదు. మీది! మీ ఊరి ఆస్తి! దీన్ని ఏం చేసుకోవాలో మీరే యజమానులు!" చప్పట్లు. అప్పుడు శ్రీరామ్మూర్తి తాత లేచి నిలబడ్డాడు.

"మాదేనా బాబూ?"

"మీదే తాతా!"

"ఈ రాల్లన్నీ?"

"వంద శాతం మీదే!"

అందరూ నవ్వారు. మళ్ళీ చప్పట్లు. తాతకి చాదస్తం వచ్చిందనుకున్నాను.

జూన్ 12

వాళ్ళ మీద కూడా కోపం వస్తోంది. అన్ని చప్పట్లు ఎందుకు కొట్టాలి?

జూన్ 24

చేతులు బొబ్బలెక్కాయి. పెన్ను పట్టుకుంటే మండుతోంది. అయినా ఇవాళ రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

మొన్నటి వానలకి కొండ మీంచి గెడ్డలోకి నీరు వచ్చింది. శ్రీరామ్మూర్తి తాత ఇవాళ గెడ్డ పని అని చాటాడు. ఆ సంగతి నాకు తెలియదు. హాలు పనికి ఊరివాళ్ళ శ్రమదానం కొన్ని షాట్లు కావాలని సాయిశంకర్ ఒక కెమెరామన్‌ని తోడిచ్చి నన్ను పంపాడు. శ్రమదానం చేయమని ఏ మొహం పెట్టుకుని అడగాలా అని దారి పొడవునా ఆలోచిస్తూ వెళ్ళాను.

అడగక్కర్లేకపోయింది. మేం వెళ్ళేసరికే బడి ఆవరణలో జనం. ఇంటికో మనిషి, మనిషికో తట్ట. ఆడవాళ్ళే ఎక్కువ. రాళ్ళ కుప్ప మీంచి ఒక్కొక్కటే ఎత్తుకుని, నెత్తిన తట్టలో పెట్టుకుని బారులు తీరి నడుస్తున్నారు. కెమెరామన్ ఆనందం పట్టలేకపోయాడు. "సూపర్ మేడమ్, ఎవరూ చెప్పకుండానే!" అంటూ అరగంట తీసుకుని, కావాల్సినంత వచ్చేసిందని బండెక్కి వెళ్ళిపోయాడు. రాళ్ళు ఎటు వెళ్తున్నాయో కూడా చూడలేదు. రాళ్ళు హాలు దగ్గరికి రావడం లేదు. హాలు దగ్గర నుంచి పోతున్నాయి.

"ఎక్కడికి తాతా ఇవి?"

"పులిబండకి."

"ఇవి హాలు రాళ్ళు కదా!"

"ఊరి రాల్లు తల్లీ. ఆ బాబు మైకులో సెప్పినాడు. నాను రెండోపాలి కూడా అడిగినాను గదా, మాదేనా అని? ఊరికే అడగలేదు." నవ్వనైనా నవ్వలేదు ఆయన. "తాటిదుంగల మజ్జిన ఇవి పేరిస్తే మట్టికట్టు కన్నా నాలుగింతలు ఆగుతాది. గోడ మీరు కట్టలేదు. మా గెడ్డ మేం కట్టుకుంటాం."

వద్దని చెప్పాలి నేను. జీతం అందుకు ఇస్తున్నారు. చెప్పలేదు.

ఆయన ఇల్లిల్లూ పిలుస్తున్నాడు. పిలిచిన ఇంటి మనిషి "వచ్చినాం" అనాలి. పోతమ్మ ఇల్లు అన్నప్పుడు ఎవరూ పలకలేదు. చూస్తే పోతమ్మ కర్ర పట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని సందులోంచి వస్తోంది. కొడుక్కి ఈసారీ సెలవు దొరకలేదు. ఆ కాలితో గెడ్డలోకి దిగితే మళ్ళీ లేవదు. దిగకపోతే ఆఖరి వంతు, ఆ తర్వాత గాజువాకలో గది.

"వచ్చినాం" అన్నాను. నా గొంతే.

తాత నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు జీతం మనిసివి తల్లీ. ఆ ఇంటి మనిసివి కావు. కట్టుబాటు ఒప్పుకోదు."

ఊరంతా నావైపే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చూసుకుని అన్నాను ఆ మాట?

"ఏటి ఒప్పుకోదు?" అంది పోతమ్మ సందులోంచే. "మా ఇంట్ల కూకుని మా కంచంలో అన్నం తిన్నాది. మా ఇంటి మనిసి కాకపోతే మరెవులింటి మనిసంతావు?"

తాత ఒక తట్ట తీసి నా చేతికిచ్చాడు.

సాయంత్రం దాకా మోశాను. చీర ఎగ్గట్టి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి రాళ్ళు అందించాను. నన్ను ఎవరూ మేడమ్ అనలేదు. రాయి వంకరగా పెడితే ఒకావిడ నిలబెట్టి తిట్టింది. ఆ తిట్టు విని నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఇరవై ఏళ్ళు ఊళ్ళని పాల్గొనండి, పాల్గొనండి అని చంపుకు తిన్నాను. పాల్గొనాల్సింది ఎవరో ఇవాళ తెలిసింది.

జూన్ 25

సాయిశంకర్ ఫోన్.

"రాళ్ళేవి ప్రసన్న గారూ? కాంట్రాక్టరు అడుగుతున్నాడు."

"గెడ్డలో ఉన్నాయి సర్."

"వాట్? ఎవరు పర్మిషన్ ఇచ్చారు?"

"ఊరు."

"అవి కంపెనీ ప్రాపర్టీ!"

"జూన్ 11 దాకా సర్. తర్వాత మీరే మైకులో ఊరికి రాసిచ్చేశారు."

ఇది దొంగతనమనీ, పోలీసు కంప్లయింట్ ఇస్తాననీ, అందులో మొదటి పేరు నాదేననీ చెప్పి పెట్టేశాడు.

భయం వేసింది. లేదని రాసుకుంటే నా డైరీ కూడా మా ఆఫీసు వీడియో అవుతుంది.

జూలై 3

కాలవలో నీళ్ళు. పోతమ్మ మడికి మూడో వంతులోనే వచ్చింది. ఊడుపులు. ఫోన్లో ఆవిడ మాట్లాడుతుంటే వెనక ఆడవాళ్ళ కేకలు, నీళ్ళ చప్పుడు.

పోలీసులు ఇంకా రాలేదు.

జూలై 8

పోలీసులు ఎందుకు రాలేదో ఇవాళ తెలిసింది.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టారు. "ప్రజల శ్రమదానంతో ఊపందుకున్న కమ్యూనిటీ హాలు పనులు." ఆడవాళ్ళు బారులు తీరి రాళ్ళు మోస్తున్నారు! తీసుకెళ్తున్న రాళ్ళని తెస్తున్న రాళ్ళు చేసేశాడు సాయిశంకర్! వెనక వీణ సంగీతం ఒకటి. కంపెనీ పెద్దాయన దండం పెట్టే బొమ్మలు, చప్పట్లు కొట్టే బొమ్మలు పంపాడు. తిమ్మిని బమ్మిని చేయడం అంటే విన్నాను గానీ, నా కళ్ళ ముందు చేస్తుంటే చూడటం ఇదే మొదటిసారి.

కేసు పెడతానన్నప్పుడు భయం వేసింది తప్ప ఇంత మండలేదు. దొంగలంటే దొంగలనుకో! ఊరివాళ్ళు చేసింది వాళ్ళు చేసినట్టు ఒప్పుకున్నట్టేగా! ఇప్పుడు ఆ పని కూడా వాళ్ళది కాదట. వాళ్ళ నెత్తి మీది రాయి కంపెనీ బోర్డు కిందకి వచ్చేసింది.

సాయంత్రం సాయిశంకర్ పిలిచాడు. మళ్ళీ కాఫీ. "జరిగిందేదో జరిగిపోయింది మేడమ్. కంప్లయింట్ లేదు, మీ మీద యాక్షనూ లేదు. రాళ్ళ ఖర్చు ఎక్కడో సర్దేద్దాం. ఈ వీడియోకి తెలుగు కామెంటరీ మాత్రం మీ గొంతే కావాలి, ఎప్పటిలాగే. తర్వాతి పది ఊళ్ళలో చూపిస్తాం."

పది ఊళ్ళు. పది ఊళ్ళలో హాళ్ళు.

దయానందానికి చెప్పాను. ఈసారి వెటకారం చేయలేదు. "సదివెయ్ ప్రసన్నా" అన్నాడు. "ఊరికి నీల్లొచ్చినాయి. నీకు జీతమొత్తాది. ఎవులకి నట్టం సెప్పు?"

ఎవరికి నష్టమో వెంటనే చెప్పలేకపోయాను. అందుకు ఇంకా కోపం వచ్చింది.

జూలై 10

వెళ్ళాను. ఆఫీసు వెనక చిన్న గది, గోడలకి దుప్పట్లు కొట్టి రికార్డింగు గది అంటారు. వాళ్ళు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, వీడియో చూస్తూ చెప్పుకుంటూ పోయాను.

"వీళ్ళు దిబ్బవలస ఆడవాళ్ళు. ఈ ఊరు గెడ్డకి గోడ అడిగింది. మేం హాలు ఇచ్చాం. వీళ్ళు హాలు పునాది కోసం దింపిన రాళ్ళు తీసుకుని పులిబండకి వెళ్తున్నారు. ఇంటికో మనిషి చొప్పున కట్టు కట్టారు. ఇప్పుడు మళ్ళలో నీళ్ళున్నాయి. హాలు దగ్గర ఏమీ లేదు. ఇందులో కనబడను గానీ, ఆ రోజు తట్ట పట్టుకుని మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు."

సాయిశంకర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అలసిపోయినట్టు కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది పంపలేం మేడమ్."

"మీరు పంపక్కర్లేదు సర్. పెద్దాయనకి నేను ఇందాకే పంపేశాను. పులిబండకి దారి కూడా చెప్పాను."

"ఎందుకు చేశారు ఈ పని? అంతా సెట్ అయిపోయింది కదా!" నిజంగా అర్థం కాకే అడిగాడు. ఇంత కాలం మంచివాడు, మంచివాడు అని రాసుకున్నాను. మంచివాడే కావచ్చు. ఏం చేసుకోను?

జూలై 14

పెద్దాయన చూసినట్టు వాట్సాప్‌లో నీలి గీతలు పడ్డాయి. జవాబు లేదు. నాలుగు రోజులైంది. ఒక తిట్టు కూడా లేదు! తిట్టినా మనిషిని చూసినట్టు ఉండేది.

ఇవాళ ఉద్యోగం తీసేసినట్టు చెప్పారు. గ్రూపులోంచి కూడా తీసేశారు. వీణ సంగీతం వీడియో అలాగే తిరుగుతోంది, వేరే అమ్మాయి గొంతుతో. చక్కటి గొంతు.

దయానందం ఒక చీర తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మీరే గెలిచారు కదా, ఎందుకిది?" అంటే, "గెలిసినట్టు లేదే" అన్నాడు. ఆ చీర రంగు నాకు నచ్చలేదు. నచ్చిందనే చెప్పాను.

సాయంత్రం పోతమ్మ ఫోన్. నిన్న రాత్రి కొండ మీద కుండపోత వాన. రాళ్ళ కట్టు ఆగింది గానీ, రాళ్ళు చాలక పక్కన వేసిన మట్టికట్టు కోసుకుపోయి నీరంతా గెడ్డలోనే పోతోందట. రేపు మళ్ళీ గెడ్డ పని.

"నా ఉద్యోగం పోయింది పెద్దమ్మా" అన్నాను. "ఇకమీద ఆ ఊరికి నన్ను పంపేవాళ్ళు లేరు."

"ఉద్దోగం పోతే పోనాది. నిన్ను ఎవులు పంపాల? ఇంటికో మనిసని తాత సాటీసినాడు. మనిసి రాకపోతే మనకి మల్లీ ఆకరి వంతే. ఊడ్సిన మడి ఎండిపోతాది. రేపు ఏ బస్సుకి వత్తావు?"

మొదటి బస్సుకే వస్తానన్నాను.